తంపర ఒడ్డున స్థలం: పట్టా కంటే ముందు నీటి మట్టం

బరంపురం నుంచో ఇచ్ఛాపురం, సోంపేటల నుంచో వచ్చి ఒడిశాలో ఛత్రపురం దగ్గర తంపర చెరువు పక్కన స్థలం చూసే మనవాళ్లు మొదట అడిగేది ఒక్కటే: "పట్టా క్లియరేనా?" తర్వాత రోడ్డు వెడల్పు అడుగుతారు, కరెంటు అడుగుతారు. స్థలం చెరువు కంటే ఎంత ఎత్తులో ఉందని అడిగేవాళ్లు అరుదు. బ్రోకరు ఏప్రిల్లో తీసుకెళ్తాడు, నేల పొడిగా ఉంటుంది, నీళ్లు ఎక్కడో దూరంగా మెరుస్తుంటాయి. ఆ మెరుపు చూపించే ధర పెంచుతాడు కూడా.

తంపర సుమారు 300 హెక్టార్ల మంచినీటి సరస్సు. ఋషికుల్య నదికి దగ్గర, సముద్రానికీ దగ్గర. 2022 ఆగస్టులో కేంద్రం ప్రకటించిన 11 రాంసర్ స్థలాల్లో (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల్లో) ఇదీ ఒకటి. రాంసర్ ముద్ర పడిందంటే 2017 సెప్టెంబరులో వచ్చిన చిత్తడి నేలల నిబంధనలు నేరుగా వర్తిస్తాయి. వాటి ప్రకారం చెరువును పూడ్చడం, ఆక్రమించడం, చెత్త పోయడం, శుద్ధి చేయని మురుగు వదలడం నిషేధం. స్థలం కొనేవాడికి ముఖ్యమైన వాక్యం ఇంకొకటి ఉంది. పడవల జెట్టీ తప్ప శాశ్వత కట్టడమేదీ సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్లలోపు కట్టకూడదు.

ఈ 50 మీటర్లను ఎక్కడి నుంచి కొలవాలో చాలామంది పొరబడతారు. వేసవిలో కనిపించే నీటి అంచు నుంచి కాదు, గట్టు నుంచి కాదు. నిబంధనలు అమల్లోకి వచ్చిన తేదీకి ముందు పదేళ్లలో గమనించిన గరిష్ఠ మట్టాల సగటు నుంచి కొలవాలి. అంటే సుమారుగా 2007 నుంచి 2017 వరకు. ఆ పదేళ్లలో 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఉంది. 2018 అక్టోబరు 11 నాటి తిత్లీ లేదు. ఉన్న ఫైలిన్ కూడా తొమ్మిది మామూలు సంవత్సరాలతో కలిసి సగటులో పలచబడిపోతుంది.

ఇది ఎంత తేడా తెస్తుందో ఊహా అంకెలతో లెక్క వేసి చూడండి. తొమ్మిదేళ్లు నీరు 3.0 మీటర్ల మట్టానికి, ఒక్క ఏడాది 4.2కి వచ్చిందనుకుందాం. సగటు 3.12. నేల వాలు 200కి 1 అయితే, 50 మీటర్లు వెనక్కి జరిగినా ఎత్తులో మీకు కలిసొచ్చేది 25 సెంటీమీటర్లే. చట్టం ఒప్పుకునేలా 60 మీటర్ల దూరంలో ఇల్లు కట్టారు. అక్కడ నేల మట్టం 3.42. పెద్ద వరద వచ్చిన ఏడాది అక్కడ నీటి లోతు 78 సెంటీమీటర్లు. జాతీయ భవన నియమావళి అడిగే కనీస పునాది ఎత్తు 45 సెంటీమీటర్లు. అంతే కట్టి ఊరుకుంటే హాల్లో 33 సెంటీమీటర్ల నీళ్లు. పత్రాల్లో తప్పు ఒక్కటీ లేదు, మంచాలు మాత్రం తేలుతాయి.

అందుకే మా సలహా: అడ్వాన్సు ఇచ్చే ముందు లాయరు దగ్గరికి వెళ్లినట్టే, ఆటో లెవెల్ (ఎత్తుల తేడా కొలిచే పరికరం) ఉన్న సర్వేయరు దగ్గరికీ వెళ్లండి. ఒక పూట పని. చెరువు నీటి అంచు నుంచి మొదలుపెట్టి మీ ప్లాటు మీదుగా రోడ్డు నడిబొడ్డు దాకా, అక్కడి నుంచి పక్క కల్వర్టు అడుగు దాకా లెవెళ్లు తీయించండి. ప్లాటులో పది మీటర్లకు ఒక చుక్క చాలు. సముద్రమట్టంతో ముడిపెట్టాలని పట్టుబట్టక్కర్లేదు. కల్వర్టు పారాపెట్ మీద రంగుతో గుర్తు పెట్టి దాన్నే 100.000 అనుకుంటే సరిపోతుంది, మనకు కావలసింది చెరువుకీ ప్లాటుకీ మధ్య తేడా. సముద్రమట్టంతో ఉజ్జాయింపుగా సరిచూసుకోవాలంటే రైల్వే స్టేషన్ పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద ఎత్తు రాసి ఉంటుంది. అది ఉజ్జాయింపుకే, డిజైన్‌కి కాదు. సర్వేయరు తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చి మొదటి అంకెతో సరిచూడాలి. కిలోమీటరు చుట్టుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించి తేడా వస్తే మళ్లీ తీయమనండి. వాలు 200కి 1 ఉన్న నేలలో పది సెంటీమీటర్ల పొరపాటు అంటే నీటి గీత 20 మీటర్లు జరిగినట్టు.

తర్వాత వరద గుర్తులు. గుడి గోడ, పాత ఇంటి అరుగు, కల్వర్టు గోడల మీద ఒండ్రు గీత కోసం చూడండి. ఫైలిన్‌కి ఎంతదాకా వచ్చింది, తిత్లీకి ఎంతదాకా వచ్చింది అని రెండు మూడు ఇళ్లలో విడివిడిగా అడగండి. అందరినీ ఒక్కచోట కూర్చోబెట్టి అడిగితే మొదట చెప్పినవాడి మాటే అందరి మాట అవుతుంది. ఇంకో సంగతి కూడా అడగాలి: ఆ నీళ్లు ఎన్నాళ్లు నిలిచాయి? కొన్ని గంటల్లో దిగిపోతే అది వాన నీరు పారే దారి లేక నిలిచినది, కాలువతో బాగుచేయొచ్చు. రోజుల తరబడి ఉండి సన్నని ఒండ్రు వదిలి వెళ్తే అది చెరువో నదో ఎక్కి వచ్చినది. దానికి మీ కాలువ ఏమీ చేయలేదు, ఎత్తు ఒక్కటే మందు.

ఉపగ్రహ చిత్రాలు చూసేటప్పుడు ఒక జాగ్రత్త. తుపాను రోజుల్లో మామూలు చిత్రాల నిండా మబ్బులే ఉంటాయి. మబ్బుల్లోంచి చూసే సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి కానీ ఆ ఉపగ్రహం ఎగిరింది 2014లో. కాబట్టి తిత్లీకి పనికొస్తాయి, ఫైలిన్‌కి దొరకవు. ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వాళ్ల భువన్ వెబ్‌సైటులో వరద ముంపు పటాలు ఉంటాయి. ఊరి స్థాయిలో చూడటానికి బాగుంటాయి గానీ ఒక ప్లాటు మునుగుతుందా లేదా అని వాటితో తేల్చకూడదు.

ఇక కాగితాలు. ఆంధ్రలో నాలా (సాగు భూమిని వేరే వాడుకకు మార్చడం) అని విన్నవాళ్లు ఇక్కడ అడగాల్సింది ఒడిశా భూసంస్కరణల చట్టం సెక్షన్ 8-ఎ కింద మార్పిడి. దరఖాస్తు తహసీల్దారుకి. దానికి ముందు ఒడిశా భూరికార్డుల వెబ్‌సైటు భూలేఖ్‌లో ఖాతా, ప్లాటు నంబరు కొట్టి కిసమ్ (భూమి రకం) గడి చూడండి. ఘరబాడి అంటే ఇళ్ల స్థలం. సారద అంటే వరి పొలం, మార్పిడి కావాలి. జలాశయ, నాల (నీటి కాలువ), గోచర్ (పశువుల మేత భూమి) అని ఉంటే అక్కడితో బేరం ఆపేయండి. మీ ప్లాటు ఒక్కటే చూసి ఊరుకోకుండా మౌజా (రెవెన్యూ గ్రామం) పటంలో నాలుగు పక్కల ప్లాట్లూ చూడండి. పక్క ప్లాటు సన్నగా పొడుగ్గా ఉండి ప్రభుత్వ ఖాతాలో ఉంటే అది చాలాసార్లు పాత నీటి కాలువే. నేల మీద ఇప్పుడు అది అరటి తోటలా కనిపించొచ్చు. వాన మాత్రం పటం ప్రకారమే పారుతుంది. కొలత విషయంలో ఒక మాట: ఇక్కడ డెసిమల్ అంటే మన సెంటే, కానీ ఒడిశా గుంఠ అంటే 4 డెసిమల్, ఎకరానికి 25. తెలంగాణ, మహారాష్ట్రల్లో ఎకరానికి 40 గుంఠలు. నోటి బేరంలో ఇక్కడే గోల మొదలవుతుంది.

8-ఎ ఫైలు మీద ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టరు) స్థలం చూసి రిపోర్టు రాస్తాడు. ఆయన మార్చిలో వస్తే చూసేది ఎండిన పొలం. "ముంపు లేదు" అని రాస్తే అది అబద్ధం కాదు, మార్చి నెల సత్యం. ఆ రిపోర్టును వరద భరోసాగా చూపించి ప్లాట్లు అమ్మేవాళ్లను నమ్మకండి. మార్పిడి ఉత్తర్వు చెప్పేది భూమి వాడుక గురించి, నీటి గురించి ఒక్క ముక్క కూడా కాదు.

మార్పిడి అయ్యాక నిర్మాణ అనుమతి. ఊరు బరంపురం అభివృద్ధి సంస్థ పరిధిలో ఉందో లేదో ముందు తేల్చుకోవాలి. పరిధిలో ఉంటే 1982 నాటి ఒడిశా అభివృద్ధి సంస్థల చట్టం, 2020 ప్లానింగ్ నియమాలు వర్తిస్తాయి, ప్లాన్ ఆన్‌లైన్‌లో పెట్టాలి. లేఅవుట్ వేసేవాళ్లకు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కూడా ఉంటుంది: స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, యూనిట్లు 8 దాటినా నమోదు తప్పదు. నిర్మిత వైశాల్యం 20,000 చదరపు మీటర్లు చేరితే పర్యావరణ అనుమతి. ఫైళ్లు వెనక్కి రావడానికి కారణాలు మామూలువే: మ్యుటేషన్ కాకుండా పాత పేరు మీదే పట్టా ఉండటం, కొన్నది ప్లాటులో కొంత భాగమే కావడం, దారి వెడల్పు చాలకపోవడం, పక్కన నాల ఉన్నా జలవనరుల శాఖ అభిప్రాయం జతచేయకపోవడం. ఇవన్నీ ఓపికతో తీరేవే. అసలు కొరత ఒక్కొక్క ఫైలునూ విడిగా చూడటంలో ఉంది. ఒక్కో లేఅవుట్ విడిగా చూస్తే చిన్నదే. ఒకే గెడ్డ మీద అలాంటివి ఐదు పడితే కింద ఉన్న కల్వర్టు ఒక్కటే కదా.

ఆ కల్వర్టు లెక్క ఎలా వేయాలో చూద్దాం. పది ఎకరాల లేఅవుట్ అంటే ఇంచుమించు 4 హెక్టార్లు. గంటకు 60 మిల్లీమీటర్ల వాన పడుతోందనుకోండి. పొలంగా ఉన్నప్పుడు వానలో మూడో వంతుకు కాస్త తక్కువే పారుతుంది, గుణకం 0.3. రోడ్లు, కప్పులు, సిమెంటు పెరళ్లు వచ్చాక 0.75. గుణకాన్ని వాన తీవ్రతతో, హెక్టార్లతో హెచ్చించి 360తో భాగిస్తే సెకనుకు ఘనమీటర్లు వస్తాయి. ముందు 0.2, తర్వాత 0.5. రెండున్నర రెట్లు. ఆ అదనపు 0.3ని ఒక గంట పాటు పట్టి ఉంచాలంటే 1,080 ఘనమీటర్ల గుంట కావాలి. మీటరున్నర లోతైతే 720 చదరపు మీటర్లు, అంటే దాదాపు 18 సెంట్లు. లేఅవుట్ నక్షాలో "పార్కు" అని ఆకుపచ్చ రంగు వేసిన చోటు చాలాసార్లు ఇంతే ఉంటుంది. దాన్ని మిగతా నేల కంటే పల్లంగా ఉంచితే సగం సమస్య తీరేది. మట్టి పోసి మెరక చేసి బెంచీలు వేస్తారు.

బయటికి పోయే పైపు సంగతి ఇంకా దారుణం. 600 మిల్లీమీటర్ల హ్యూమ్ (సిమెంటు) పైపు 200కి 1 వాలులో నిండుగా పారితే సెకనుకు 0.43 ఘనమీటర్లు తీసుకెళ్తుంది. అదే పైపు 1000కి 1 వాలులో 0.19 మాత్రమే. చెరువు పక్కన నేలలో దొరికే వాలు రెండోదే. అదే వాలులో 900 పైపైతే 0.57 లాగుతుంది. ఎస్టిమేట్‌లో 600, 900 మధ్య తేడా చూసి కాంట్రాక్టరు 600 వేస్తాడు. పైగా చెరువు నిండి పైపు మూతి మునిగాక వాలు కాగితం మీదే మిగులుతుంది, నీరు పారేది రెండు కొసల మధ్య నీటి మట్టం తేడాను బట్టే. ఋషికుల్య పొంగి ఉన్నప్పుడు, సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ తేడా సున్నాకి వస్తుంది, ఒక్కోసారి తిరగబడుతుంది. కాబట్టి పైపు మూతికి తిరుగు నీరు రాకుండా ఫ్లాప్ గేటు పెట్టాలి, గేటు మూసుకుపోయిన గంటల్లో వాన నీరు ఆగడానికి లోపల గుంట ఉండాలి. గేటు ఒక్కటే పెట్టి గుంట మానేస్తే మీ నీళ్లలో మీరే మునుగుతారు.

ఈ లెక్కలన్నీ అక్టోబరుకు వేయాలి. ఫైలిన్, తిత్లీ రెండూ అక్టోబరు రెండో వారంలోనే వచ్చాయి. అప్పటికి నాలుగు నెలల వానలు పడి నేల పీల్చాల్సింది పీల్చేసి ఉంటుంది, చెరువు నిండి ఉంటుంది. 0.3 అన్న పొలం గుణకం కూడా అప్పుడు చాలా పైకి వెళ్తుంది. తీరం దగ్గర ఇసుక నేల కదా, ఎంత నీరైనా ఇంకుతుందని ధీమాగా చెప్పేవాళ్లు మే నెలను దృష్టిలో పెట్టుకుని చెబుతున్నారు. ఇసుకలో చెరువు మట్టంతో పాటే భూగర్భ నీరూ లేస్తుంది. గుంత తవ్వితే అడుగు నుంచే నీరు ఊరుతుంటే పైనుంచి ఏం ఇంకుతుంది?

అనుమతి కోసం ప్రతి ఇంటికీ చూపించే ఇంకుడు గుంత సంగతీ అంతే. వంద చదరపు మీటర్ల కప్పు మీద గంటకు 60 మిల్లీమీటర్ల వాన అంటే గంటకు 6 ఘనమీటర్లు. మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంతలో రాళ్లు నింపాక ఖాళీ 40 శాతం, అంటే 0.6 ఘనమీటరు. ఆరు నిమిషాల వానకు నిండిపోతుంది. వేసవి జల్లులకు, బావి నీటికి మంచిదే, పెట్టుకోండి. వరదకు దానితో పని లేదు.

మట్టి పోసి ఎత్తు చేద్దాం అనేది అందరికీ మొదట తట్టే పరిష్కారం. ఒక ఎకరం ఒక మీటరు లేపాలంటే 4,047 ఘనమీటర్లు. దిమ్మిస చేశాక కుదించుకుపోయేది కలుపుకుంటే పది ఘనమీటర్ల టిప్పర్లు 500 దాకా. ప్రతి లోడుకీ ఖనిజ రవాణా పాస్ ఉండాలి, లేకపోతే దారిలో బండి ఆగిపోతుంది. మొరం పోసినప్పుడు 20–25 సెంటీమీటర్ల పొరలుగా తడిపి రోలరు తిప్పాలి. ఒక్కసారిగా మీటరు కుమ్మరించి పైన పైన తొక్కిస్తే రెండు వానాకాలాల తర్వాత ప్రహరీ నెర్రెలిస్తుంది. ఇదంతా మీ ఖర్చు, మీ తిప్పలు. ఊరికి జరిగేది వేరే. వరదలో మునిగే పది ఎకరాల పల్లాన్ని మీటరు లేపితే 40,000 ఘనమీటర్ల నీరు నిలిచే చోటు పోయినట్టు. పైన చెప్పిన 1,080 ఘనమీటర్ల గుంట అదనంగా పారే వాననే పడుతుంది, ఈ 40,000ని కాదు. ఆ నీరు పక్క పొలంలోకో, పాత ఊరి వీధిలోకో పోతుంది. మా ఉద్దేశంలో ముంపు గీత కింద ఉన్న పల్లంలో లేఅవుట్ మొత్తాన్ని లేపడానికి అనుమతి ఇవ్వకూడదు. ఇల్లు కట్టే చోటు మాత్రం స్తంభాల మీదో, మెరక దిబ్బ మీదో కట్టి చుట్టూ పెరడు పల్లంగా వదలాలి.

పునాది ఎత్తును ఇప్పుడున్న నేల నుంచి కొలవకండి. రోడ్డు నడిబొడ్డు నుంచి 60, దొరికిన అతి పెద్ద వరద గుర్తు నుంచి 60 సెంటీమీటర్లు, ఈ రెంటిలో ఏది ఎత్తైతే అది. రోడ్డు ప్రతి మరమ్మతుకీ ఒక పొర పెరుగుతుంది, ఇల్లు పెరగదు. ప్రహరీ కింద అడుగున పది అడుగులకొక చోట కన్నాలు వదిలితే నీరు ఒక పక్కే ఒత్తి గోడను పడగొట్టదు.

సెప్టిక్ ట్యాంకు గురించి చెప్పేవాళ్లు తక్కువ. బయటి కొలత రెండున్నర మీటర్లు, మీటరున్నర, లోతు 1.8 మీటర్లు ఉన్న ట్యాంకు చుట్టూ నీరు నేల మట్టం దాకా లేస్తే దాన్ని పైకి నెట్టే బలం 6.75 టన్నులు. నిండుగా ఉన్నంత కాలం లోపలి బరువు కాపాడుతుంది. వానాకాలంలో నిండిందని బండి పిలిచి ఖాళీ చేయిస్తే ఇటుక ట్యాంకు అడుగు పగులుతుంది, తేలికపాటి ప్లాస్టిక్ ట్యాంకు ఏకంగా పైకి తేలుతుంది. ఖాళీ చేయించేది ఫిబ్రవరి నుంచి మే లోపు చేయించుకోండి. ప్లాస్టిక్ అయితే కాంక్రీటు పలకకు పట్టీలతో కట్టేయాలి. సోక్ పిట్ (ట్యాంకు నుంచి వచ్చే నీరు ఇంకే గుంత) మంచినీటి బావికి 18 మీటర్ల దూరంలో ఉండాలి. నీటి మట్టం పైకి లేచే చోట లోతైన గుంత బదులు నేల మీదే మెరక చేసి, అందులో ఇసుక, కంకరతో పరుపు వేయడం మేలు. లేదంటే ఆ నీరే చెరువులోకి, అక్కడి నుంచి ఊరి నోట్లోకి.

రంభ వైపు, అంటే చిలికా ఒడ్డున, కొనేవాళ్లకు ఈ 50 మీటర్ల లెక్క ఇలాగే పనిచేయదు. తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) పరిధిలోకి వచ్చే చోట చిత్తడి నేలల నిబంధనలు వర్తించవు, సీఆర్‌జెడ్ వర్తిస్తుంది. 2019 నోటిఫికేషన్‌లో పోటుపాట్లు ఉండే జలాల ఒడ్డున పోటు గీత నుంచి 50 మీటర్లు లేదా ఆ పాయ వెడల్పు, ఏది తక్కువైతే అది. పోటు ఎంత లోపలిదాకా వస్తుందో తేల్చేది ఏడాదిలో అతి పొడి కాలంలో నీటిలో ఉప్పు వెయ్యికి 5 పాళ్లు ఉందా అన్నది. ఇది చెరువు గట్టు మీద నిలబడి చెప్పగలిగేది కాదు. ఆమోదించిన తీర నిర్వహణ పటంలో మీ ప్లాటు నంబరు ఎక్కడ పడిందో రాతపూర్వకంగా తీసుకోవాలి. పాత పటం జిరాక్సు చూపిస్తే ఏ నోటిఫికేషన్ కింద చేసినదో అడగండి, 2011 నాటి లెక్కలో ఆ దూరం 100 మీటర్లు.

కట్టడం అయ్యాక గుంట, పైపు, గేటు ఎవరి ఖాతాలో ఉన్నాయో చూసుకోవాలి. పంచాయతీకి రాసిచ్చేశాం అని డెవలపర్ అంటాడు, పంచాయతీ దగ్గర పూడిక తీసే పద్దు ఉండదు. ఒక్క వానాకాలంలోనే కొత్త లేఅవుట్ మట్టి కొట్టుకొచ్చి గుంట అడుగు నిండుతుంది, ఎందుకంటే ప్లాట్లు ఇంకా ఖాళీగా, గడ్డి కూడా లేకుండా ఉంటాయి. అమ్మకం పత్రంలోనే నివాసుల సంఘం పేరిట ఏటా కట్టాల్సిన మొత్తం, మే నెలాఖరులోపు పూడిక తీయించే షరతు, గేటు గొలుసు, బిజాగ్రీలు సెప్టెంబరులో ఒకసారి తిప్పి చూసే బాధ్యత ఎవరిదో పేరుపెట్టి రాయించుకోండి. గుంట గట్టు మీద ఒక రాయి పాతి, పూర్తి లోతు అంకె దాని మీద చెక్కించండి. పూడిక ఎంత చేరిందో కర్రతో పొడిచి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, పావు వంతు నిండితే మే దాకా ఆగక్కర్లేదు.